ఫ్యూజన్ ఆపరేషన్ తర్వాత కొత్త నొప్పి: స్క్రూ జారిందా, నరం కోలుకుంటోందా?

[దృశ్యం: చెన్నైలో ఒక ఫిజియోథెరపీ గది. గోడకు వెన్నెముక నమూనా వేలాడుతోంది. వ్యాఖ్యాత నేరుగా కెమెరాతో మాట్లాడుతున్నారు.]

“నడుము నొప్పికని ఆపరేషన్ చేయించుకుంటే ఇప్పుడు కాలు మండుతోంది మేడమ్. ముందు ఈ మంట లేదు. లోపల స్క్రూ జారిపోయిందంటారా?”

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు నుంచి చెన్నై వచ్చి వెన్నెముక ఫ్యూజన్, అంటే వెన్నుపూసలను స్క్రూలతో బిగించి కలిపే ఆపరేషన్, చేయించుకున్నవాళ్ళు ఫోనులో నన్ను అడిగే ప్రశ్నల్లో ఇదే ముందుంటుంది. మాంబళంలోనో పెరంబూరులోనో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళూ ఇదే అడుగుతారు. అదీ ఎక్కువగా రాత్రి పది దాటాక. పగలంతా ఓర్చుకుంటారు, రాత్రి నిద్ర పట్టక భయం మొదలవుతుంది.

కొత్త నొప్పి వచ్చినంత మాత్రాన ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు. అలాగని “కొన్నాళ్ళు ఉంటుందిలే” అంటూ అన్ని నొప్పులనూ ఒకే గాటన కట్టడానికీ వీల్లేదు. నొప్పి ఎంత ఉందో అందరూ అడుగుతారు. నేను మాత్రం ఆ నొప్పితో పాటు ఇంకేం వచ్చిందని అడుగుతాను. పదికి ఎనిమిది నొప్పి ఉన్నా భయపడాల్సింది లేకపోవచ్చు. పదికి రెండే ఉన్నా అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు.

మీ స్కానులు, కాగితాలు నేను చూడలేదు, మీ సర్జన్ చూశారు. నా మాటకూ వారి మాటకూ తేడా వస్తే వారి మాటే వినండి.

[తెర మీద: “ఈ లక్షణాలుంటే వీడియో ఆపి ఫోను చేయండి”]

తొందరలో ఉన్నవాళ్ళ కోసం ప్రమాద సూచనలే ముందు చెబుతాను.

అన్నిటికంటే ముఖ్యమైనది మూత్రం. వెళ్ళాలనిపించినా రాకపోవడం, నిండినా తెలియకపోవడం, తెలియకుండానే పడిపోవడం. వీటితో పాటు మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు, కూర్చుంటే కుర్చీకి ఆనే భాగమంతా మొద్దుబారడం, రెండు కాళ్ళూ బలహీనపడటం. నడుము దిగువన ఉండే నరాల కట్ట మీద రక్తం గడ్డకట్టి గానీ, మరో కారణంతో గానీ ఒత్తిడి పడితే ఇలా జరుగుతుంది. ఇలాంటప్పుడు గంటలు కూడా విలువైనవే. ఎమ్మారై తీసి, అవసరమైతే అదే రోజు మళ్ళీ ఆపరేషన్ చేస్తారు. నొప్పి మాత్రల వల్లా మలబద్ధకం వల్లా కూడా మూత్రం బిగబట్టవచ్చు. మాత్రల వల్లో నరాల వల్లో తేల్చాల్సింది మాత్రం ఆసుపత్రివాళ్ళు.

ఇక్కడ ఒక మాట. మన ఆడవాళ్ళు ఈ సంగతి కొడుకుకో అల్లుడికో చెప్పలేరు. “నొప్పిగా ఉంది” అని ఊరుకుంటారు. పక్కనున్నవాళ్ళు కూతురితోనో కోడలితోనో విడిగా అడిగించండి. “ఒంటికి వెళ్ళడం మామూలుగానే ఉందా? కడుక్కునేటప్పుడు స్పర్శ తెలుస్తోందా?” ఈ రెండు ప్రశ్నలు చాలు.

తర్వాత పాదం చూడాలి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం, బొటనవేలు నేలకు రాసుకోవడం ముందు లేకుండా ఇప్పుడు వచ్చాయంటే అది బలహీనత. ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని రెండు బొటనవేళ్ళనూ మీ ముఖం వైపు ఎత్తి పట్టుకోండి. ఇంకొకరిని వేలితో కిందికి అదమమనండి. రెండు పక్కలా ఒకే బలం ఉండాలి. ఒక వేలు ఇట్టే పడిపోతే, నడుము నుంచి కాలికి వచ్చే నరాల్లో ఎల్5 అనే నరం గురించి ఆలోచించాలి. నిలబడి గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవలేకపోతే దాని కిందిదైన ఎస్1 నరం గురించి.

[దృశ్యం: పక్కపక్కన రెండు పాదాలు, కుడి బొటనవేలు కిందికి వాలిపోతోంది.]

కాలి నొప్పి తగ్గుతూ బలహీనత పెరుగుతుంటే దాన్ని మెరుగుదల అనుకోకండి. చాలామంది ఇక్కడే మోసపోతారు. నొప్పి తగ్గిందని సంతోషిస్తుంటారు, పాదం మాత్రం లేవదు.

గాయం సంగతి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం, చలి, కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము, దుర్వాసన. ఇవేవీ లేకపోయినా, తగ్గిన నడుము నొప్పి రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ మొదలై రోజురోజుకూ పెరుగుతూ, పడుకున్నా వదలకపోతే లోపల ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒంట్లో వాపును, ఇన్ఫెక్షన్‌ను పట్టి చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ. ఈఎస్ఆర్ ఎక్కువ వచ్చిందని మాత్రం కంగారు పడకండి. ఆపరేషన్ తర్వాత అది వారాల తరబడి ఎక్కువగానే ఉండవచ్చు. సీఆర్పీ రెండు మూడు రోజుల్లో బాగా పెరిగి, మామూలుగా రెండు వారాల్లో దిగివస్తుంది. దిగినది మళ్ళీ ఎక్కితే సర్జన్‌కు చూపించాలి.

గాయం నుంచి నీళ్ళలాంటి ద్రవం కారుతున్నా, లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గుతున్నా వెన్నుపాము చుట్టూ ఉండే పొర నుంచి ద్రవం కారుతోందేమోనని చూస్తారు. ఒక పిక్క మాత్రమే వాచి, గట్టిపడి, నొప్పి పెడితే నరాల నొప్పి అనుకోవద్దు, సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పిక్కను పిసకకండి, అదే రోజు చూపించండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే 108. చెన్నైలోనూ నెల్లూరులోనూ అదే నంబరు.

[చిన్న విరామం. వ్యాఖ్యాత వెన్నెముక నమూనాను చేతిలోకి తీసుకుంటారు.]

ఇవేవీ లేవు, అయినా కొత్త నొప్పి ఉంది అనేవాళ్ళు ఇక స్థిమితంగా కూర్చుని, కాదు, పడుకునే వినండి.

ఫ్యూజన్ అంటే రెండు వెన్నుపూసలు కదలకుండా ఒకే ఎముకగా అతుక్కునేలా చేయడం. ఎక్కువగా నడుము దిగువన ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనే పూసల జంటల దగ్గర చేస్తారు. పాడైన డిస్కు తీసేసి ఆ ఖాళీలో కేజ్ అనే చిన్న పెట్టె లాంటిది, దానితో పాటు ఎముక ముక్కలు పెడతారు. వెనుక నుంచి స్క్రూలు, రాడ్లు బిగిస్తారు. ఆ స్క్రూలే జీవితాంతం నడుమును మోస్తాయని చాలామంది అనుకుంటారు. అవి స్లాబు కింద పెట్టే సెంట్రింగ్ లాంటివి, లోపల ఎముక గట్టిపడేదాకా పట్టి ఉంచడమే వాటి పని. ఆ గట్టిపడటానికి మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది.

1911లో న్యూయార్క్‌లో హిబ్స్, ఆల్బీ అనే ఇద్దరు సర్జన్లు ఎవరికి వారుగా మొదటి ఫ్యూజన్లు చేసినప్పుడు ఈ స్క్రూలు లేవు. వెన్ను కదలకుండా రోగులను వారాల తరబడి మంచానికి పరిమితం చేసేవారు. ఇప్పుడు మర్నాడే లేపి నడిపిస్తున్నారంటే ఆ లోహం పుణ్యమే. అయితే మర్నాడే నడిచారు కాబట్టి నెలకే మామూలు మనిషి కావాలని ఇంటిల్లిపాదీ ఆశపడుతుంటారు. భయం సగం ఆ ఆశ నుంచే పుడుతుంది.

ఇప్పుడు నొప్పులు ఎప్పుడెప్పుడు, ఎందుకు వస్తాయో చూద్దాం.

మొదటి రెండు వారాల నొప్పి కండరాలది. వెనుక నుంచి చేసే ఆపరేషన్‌లో వెన్నుకు అంటుకున్న కండరాలను పక్కకు జరిపి గంటల తరబడి పట్టి ఉంచుతారు. అవి తర్వాత బిగుసుకుంటాయి, పక్కకు తిరిగితే పట్టేస్తాయి. ఆసుపత్రిలో లేని నొప్పి ఇంటికి రాగానే మొదలైందంటే ఎవరో ఏదో తప్పు చేశారని కాదు. అక్కడ రక్తనాళం ద్వారా ఎక్కిన మందులు ఆగిపోయాయి, ఇక్కడ మాత్రలే మిగిలాయి. దానికి తోడు ప్రయాణం.

ఆపరేషన్ గదిలో బోర్లా పడుకోబెట్టడం వల్ల వచ్చే ఇబ్బందులు వేరు. తొడ బయటి వైపు అరచేయంత మేర మొద్దుబారి, బట్ట తగిలితేనే చురుక్కుమంటే తుంటి ముందు నుంచి వెళ్ళే చర్మపు నరం ఆ దిండ్ల మీద నొక్కుకుపోయి ఉండవచ్చు. వెన్నులోని స్క్రూలతో దానికి సంబంధం లేదు. చాలామందికి వారాల్లోనో కొన్ని నెలల్లోనో తగ్గిపోతుంది. మెడ, భుజం నొప్పులు కూడా ఇలాగే రావచ్చు. తుంటి ఎముక నుంచి ముక్క తీసి ఉంటే అక్కడా నొప్పి ఉంటుంది, ఒక్కోసారి వెన్ను కంటే ఎక్కువగా. పక్క నుంచి చేసిన ఆపరేషన్ అయితే తొడ ముందు భాగంలో నొప్పి, మెట్లెక్కేటప్పుడు నీరసం కొన్ని వారాలు ఉండటం మామూలే. మీకు ఏ వైపు నుంచి చేశారో, ఎముక ఎక్కడి నుంచి తీశారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. చదివించుకోండి.

[తెర మీద: నడుము నుంచి పాదం దాకా నరం దారి, నెమ్మదిగా వెలుగుతూ]

ఇక అసలు ప్రశ్న, కాలి మంట. ఆపరేషన్ అయిన కొద్ది రోజులు కాలు తేలిగ్గా ఉంటుంది. తర్వాత రెండో మూడో వారంలో మంట, జివ్వున లాగడం, సూదులు గుచ్చినట్టుండటం, చీమలు పాకినట్టుండటం మొదలవుతాయి. ఏళ్ళ తరబడి నలిగిన నరాన్ని సర్జన్ విడిపించారు, పక్కకు కదిపారు. అది వాస్తుంది. చుట్టూ మాన్పు జరుగుతున్నప్పుడు వచ్చే రసాయనాలు దాన్ని చికాకు పరుస్తాయి. మొద్దుబారిన చోట స్పర్శ తిరిగి వచ్చేటప్పుడు కూడా ముందు మంటగానే తెలుస్తుంది. తెగిన నరపు పోగు పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. అదృష్టవశాత్తు ఒత్తుకుపోయిన నరాల్లో చాలా పోగులు తెగవు, పైపొర మాత్రమే దెబ్బతింటుంది కాబట్టి అంత కాలం పట్టదు. అయినా లెక్క వారాల్లో, నెలల్లో ఉంటుంది.

ఇలాంటి మంట వస్తూ పోతూ ఉంటుంది. చోటు మారుతుంది. రాత్రి ఎక్కువ, నడిస్తే కాస్త నయం. ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చితే కొద్దిగానైనా వెనక్కి తగ్గుతూ ఉంటుంది. అలా కాక, మత్తు దిగి కళ్ళు తెరిచిన దగ్గర నుంచే ముందెన్నడూ లేని చోట తీవ్రమైన కాలి నొప్పి ఉండి, ఏ మాత్రం తగ్గకపోతే స్క్రూ నరానికి తగులుతోందేమోనని సీటీ స్కాన్ తీస్తారు. “ఇది మామూలే” అన్న మాట స్కాన్ చూశాక వింటే ధైర్యంగా ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి. అన్నట్టు, స్క్రూలున్నాయి కాబట్టి ఎమ్మారై తీయకూడదన్నది అపోహ. ఎక్కువగా వాడేది టైటానియం, దాన్ని అయస్కాంతం లాగదు. కాకపోతే ఆ చుట్టుపక్కల బొమ్మ చెదిరి కనిపిస్తుంది. అందుకే స్క్రూలను చూడటానికి సీటీ, నరాలను చూడటానికి ఎమ్మారై.

ఆరు వారాల తర్వాత వచ్చే కొత్త నొప్పికి చాలాసార్లు కారణం మీరు కోలుకోవడమే. బెల్టు తీస్తారు, ఎక్కువ నడుస్తారు, వంటగదిలో ఎక్కువసేపు నిలబడతారు. ఇన్నాళ్ళు విశ్రాంతిలో ఉన్న కండరాలు సలుపుతాయి. పిరుదు పైన, గుంట పడే చోట ఒక పక్కగా పోటు వస్తే కటి దగ్గరి కీలు కావచ్చు. పైన పూసలు కదలడం మానేశాక ఆ కదలిక భారం దాని మీద పడుతుంది. దీనికి వ్యాయామం బాగా పనిచేస్తుంది.

[వ్యాఖ్యాత లేచి నిలబడతారు. పక్కన ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్.]

ఇంట్లో ఏం చేయాలి? ముందు ఏం చేయకూడదో చెబుతాను. వంగడం, బరువెత్తడం, నడుము మెలితిప్పడం, ఈ మూడూ సర్జన్ చెప్పేదాకా వద్దు. మొదటి వారాల్లో నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దనే ఎక్కువమంది చెబుతారు. చెన్నైలో ప్రతి ఇంటి గుమ్మంలో ఉండే ఈ క్యాన్ నిండితే ఇరవై కిలోలు దాటుతుంది. దీన్ని వంచి కుండలోకి పోయడమంటే వంగడం, ఎత్తడం, తిప్పడం మూడూ ఒకేసారి చేయడమే. క్యాన్‌కు చిన్న పంపు పెట్టించండి. కింద కూర్చుని ముగ్గు వేయడం, కత్తిపీటతో తరగడం కొన్నాళ్ళు వేరేవాళ్ళకు అప్పగించండి. ఎత్తు తక్కువ మరుగుదొడ్డి అయితే ఎత్తు పెంచే సీటు దొరుకుతుంది.

మంచం మీద నుంచి లేచేటప్పుడు ముందు పక్కకు తిరగాలి. భుజం, తుంటి, మోకాలు ఒకేసారి తిరగాలి. తర్వాత కాళ్ళు కిందికి దించుతూ మోచేతి మీద ఊని లేవాలి. పక్కకు పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు, వెల్లకిలా అయితే మోకాళ్ళ కింద దిండు. రాత్రి నొప్పిలో చాలా భాగం ఈ ఒక్క దిండుతో తగ్గడం చూశాను.

నడక చక్కగా పనిచేసే మందు, కానీ మోతాదు తప్పకూడదు. ఒకేసారి అరగంట కంటే పది నిమిషాల చొప్పున మూడుసార్లు మేలు. నడిచాక నొప్పి కొంచెం పెరగవచ్చు. మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి దిగితే ఆ నడక మీకు సరిపోయినట్టు. దిగకపోతే సగానికి తగ్గించండి, మానేయకండి. ఎడాపెడా ఎత్తుపల్లాలుండే మన కాలిబాటల మీద కాకుండా మేడ మీదో, ఉదయాన్నే ఉద్యానవనంలోనో నడవండి. బెల్టు చెప్పారంటే రోహిణి కార్తె ఉక్కపోతలో అదొక పరీక్షే. లోపల నూలు బనియన్ వేసుకోండి, చెమటకు తడిస్తే మార్చండి. చెమట పట్టిన గాయం దురదను కూడా నొప్పి అనుకునేవాళ్ళున్నారు.

మర్దన చేయిస్తామని, పుత్తూరు కట్టు కట్టిస్తామని ఇంటి పెద్దలు అంటారు. ప్రేమతోనే అంటారు. అయినా అతుక్కుంటున్న వెన్ను మీద ఎవరి చేయీ పడకూడదు, నూనె గానీ కట్టు గానీ వద్దు. కాపడం పెట్టుకోవచ్చు, కానీ కుట్ల మీద, స్పర్శ లేని చోట పెట్టకండి. కాలినా తెలియదు.

మందుల దగ్గర రెండు మూడు చిక్కులున్నాయి. మెడికల్ షాపులో “నొప్పికి” అని అడిగితే ఇచ్చే చాలా మాత్రల్లో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. దానికి తోడు జ్వరానికని 650 మాత్ర, అదీ పారాసెటమాలే, విడిగా వేసుకుంటే లెక్క తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. కాలేయ సమస్య, మద్యం అలవాటు, తక్కువ బరువు ఉంటే ఇంకా తక్కువ. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి వాపు తగ్గించే మందులు మొదటి వారాల్లో ఎక్కువ మోతాదులో వాడితే ఎముక అతుక్కోవడం మందగించవచ్చని చాలామంది సర్జన్లు జాగ్రత్తపడతారు, అడగకుండా వేసుకోవద్దు. నరాల మంటకు ఇచ్చే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ మొదట్లో మత్తు, తూలుడు తెస్తాయి. నచ్చలేదని ఒక్కసారిగా ఆపకండి, మెల్లగా తగ్గించాలి. గట్టి నొప్పికి ఇచ్చే ట్రమడాల్ మలబద్ధకం తెస్తుంది, ముక్కితే నడుము పట్టేస్తుంది. నీళ్ళు, పండ్లు, డాక్టరు ఒప్పుకుంటే ఇసబ్‌గోల్.

పొగ గురించి మెత్తగా చెప్పలేను. సిగరెట్టు, బీడీ, ఖైనీ, గుట్కా ఏ రూపంలో వెళ్ళినా నికోటిన్ ఎముకకు రక్తం తగ్గిస్తుంది. ఎముక అతుక్కోకపోతే ఆరు నెలలూ ఏడాదీ గడిచాక నిలబడినా కదిలినా అదే చోట నొప్పి పట్టుకుంటుంది, చివరికి స్క్రూ వదులవడమో విరగడమో జరుగుతుంది. మొదటి నెలలో అందరూ భయపడే “స్క్రూ జారడం” నిజంగా జరిగితే ఎక్కువగా ఇలా జరుగుతుంది.

ఇక ఊరికి ప్రయాణం. చెన్నై నుంచి నెల్లూరు సుమారు 175 కిలోమీటర్లు. కారులో వెళ్తే సీటు కొంచెం వెనక్కి వాల్చి, ముప్పావు గంటకోసారి దిగి రెండు నిమిషాలు నడవండి. రైలైతే కింది బెర్తు. బస్సులో వెనుక సీటు మాత్రం వద్దు.

చూడటానికి వచ్చే బంధువుల గురించి కూడా చెప్పాలి. వచ్చిన ప్రతివారికీ ఆపరేషన్ చెడిపోయిన ఒక మేనమామ ఉంటాడు. ఆ కథలు విన్న రాత్రి నొప్పి పెరగడం ఉత్తమాట కాదు. భయం, నిద్రలేమి నొప్పిని నిజంగానే పెంచుతాయి. దిగులు వారాల తరబడి వదలకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు చేయండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

[తెర మీద: నోటుపుస్తకంలో ఒక పేజీ]

సర్జన్‌ను కలిసేటప్పుడు “ఒళ్ళంతా నొప్పి” అంటే ఆయనకు ఏమీ తెలియదు. రోజుకు ఒక్క వరుస రాయండి. ఎక్కడ, ఎలాంటి నొప్పి, మంటా పోటా తిమ్మిరా, ఏం చేస్తే పెరుగుతోంది, ఎంత నడిచారు, ఏ మాత్ర వేశారు. గాయాన్ని ఒకే వెలుతురులో తేదీతో ఫొటో తీయండి. ఇతర రాష్ట్రం నుంచి వచ్చిన మీకు ప్రతిసారీ చెన్నై ప్రయాణం తప్పించేవి ఇవే. ఆ పేజీ, ఆ ఫొటో వాట్సాప్‌లో చూస్తే రమ్మనాలో వద్దో వాళ్ళు చెప్పగలరు.

ఏళ్ళు గడిచాక వచ్చే కొత్త నొప్పి మరో రకం. అతుకు పైనో కిందో ఉన్న పూసల జాయింటు అరగవచ్చు. అప్పుడు కొత్త ఎక్స్‌రే ఒక్కటే చాలదు, పాతదాని పక్కన పెట్టి చూడాలి. కాబట్టి ఆపరేషన్‌కు ముందువీ తర్వాతవీ ఫిల్ములు, సీడీలు, లోపల పెట్టిన స్క్రూలు, కేజ్ వివరాలుండే ఇంప్లాంట్ స్టిక్కర్లు ఉన్న కాగితం ఒకే ఫైలులో ఉంచండి, ఫొటోలు తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా పెట్టండి. ఇల్లు మారేటప్పుడు పాత కాగితాలతో పాటు అమ్మేసేది ముందు ఆ ఫైలునే.